కంటికి ఆనని తంబుర

కర్ణాటక సంగీతంలో మనుషుల్ని పిలవటానికి ఒక వరస ఉంది. పాడేవాళ్లది గాత్రం. వయొలిన్, మృదంగం, ఘటం, కంజీర, మోర్సింగ్ అన్నీ పక్కవాద్యాలు. ఆ పక్కలన్నింటికీ వెనక తంబుర ఉంటుంది. దాన్ని పక్కవాద్యం అని కూడా ఎవరూ అనరు. ఆహ్వాన పత్రికలో గాత్రం ఎదురుగా ఒక పేరు, వయొలిన్ ఎదురుగా ఒక పేరు, మృదంగం ఎదురుగా ఒక పేరు అచ్చువేస్తారు. తంబుర ఎదురుగా పేరు ఉండటం నేను చాలా అరుదుగా చూశాను. వేదిక మీద మొదటి నుంచి చివరి దాకా ఒక్క క్షణం ఆగకుండా వాయించేది తంబుర పట్టుకున్న మనిషే. చాలాసార్లు ఆ మనిషి ఒక ఆడపిల్ల. పాడేవారి శిష్యురాలో, కూతురో, ఎవరూ దొరక్కపోతే ఆ ఊళ్లో సంగీతం నేర్చుకునే ఏ పిల్లో.

నేను ముప్పై ఏళ్లు డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పాను. అంతకంటే ఎక్కువ కాలంగా వయొలిన్ వాయిస్తున్నాను. పక్కన కూర్చోవటం నాకు కొత్త కాదు, దాని గురించి ఫిర్యాదు చేయటానికీ ఇది రాయటం లేదు. ఈమధ్య మా ఊరి సభ కచేరీల చిత్రీకరణనీ శబ్దాన్ని సరిచేసే పనినీ కృత్రిమ మేధకి అప్పగించింది. ఆ తర్వాత చూసినవి, విన్నవి కొన్ని ఉన్నాయి. యంత్రం మన సంగీతంలోంచి ఏది తీసేస్తోంది, అదే ఎందుకు తీసేస్తోంది అనే ప్రశ్న నన్ను కొన్ని నెలలుగా వదలటం లేదు.

అంతకు ముందు నాలుగేళ్ల పాటు మా కచేరీలని ఒక అమ్మాయి తీసేది. పెళ్లిళ్ల వీడియోలు తీసే ఫొటో స్టూడియోలో పని నేర్చుకుంది. సంగీతం నేర్చుకోలేదు. మూడు కెమెరాలు స్టాండ్ల మీద పెట్టి, తను మిక్సర్ ముందు కూర్చుని, ఏ బొమ్మ బయటికి వెళ్లాలో చూసుకుంటూ మీటలు నొక్కేది. మొదట్లో అన్నీ తప్పేవి. నేను వాయిస్తున్నప్పుడు గాయని ముఖం, తని ఆవర్తనం మంచి పట్టులో ఉండగా దేవుడి పటం. ఆరు నెలలు గడిచేసరికి తన పని చూసి నాకే ఆశ్చర్యం వేసింది. కల్పన స్వరాలు నడుస్తుంటే గాయని తన వంతు ముగించే లోపే కెమెరా నా మీదికి వచ్చేసేది. ఒకరోజు అడిగాను, ఎలా తెలుస్తోంది నీకు అని.

"మీరు కమాను ఎత్తకముందే ఎడం చెయ్యి కొంచెం పైకి జరుపుతారు మేడం. అప్పుడు ఆవిడ కూడా మీ వైపు చూస్తారు. ఆ చూపు పోకూడదు కదా!" అంది.

ఆ చూపు పోకూడదు అన్న మాటని ఎవరూ తనకి నేర్పలేదు. నాలుగేళ్లు చూసి తనే పట్టుకుంది. కచేరీలో అసలు నాటకమంతా ఆ చూపుల్లోనే ఉంటుంది. గాయని ఒక కష్టమైన ముక్తాయింపు వేసి, ఇప్పుడు నువ్వేం చేస్తావో చూస్తాను అన్నట్టు కళ్లు ఇటు తిప్పుతుంది. మృదంగం మీది చెయ్యి ఒక అరక్షణం గాల్లో ఆగుతుంది. తంబుర పట్టుకున్న పిల్ల వెనక నవ్వు ఆపుకుంటుంది. వీటిలో ఏదీ శబ్దం కాదు. శబ్దం వచ్చాక తిరిగే కెమెరాకి ఇవి దొరకవు.

తర్వాత అమెరికాలో స్థిరపడిన మా ఊరి డాక్టరు గారు ఒకరు సభకి పెద్ద విరాళం పంపారు. దాంతో కొత్త పరికరాలు వచ్చాయి. గోడకి బిగించిన మూడు కెమెరాలు, వాటంతట అవే మెడ తిప్పుతాయి, దగ్గరికి లాగి చూపిస్తాయి. వెనక ఉన్న ప్రోగ్రాం దృశ్యంలో మనుషుల ఆకారాలనీ ముఖాలనీ వెతుకుతుంది. ఎవరు ఎక్కువ కదులుతున్నారు, ఏ మైకులో శబ్దం హెచ్చుగా ఉంది అని లెక్కేసి అటు తిరుగుతుంది. ఇక మనిషితో పని లేదన్నారు. ఆ అమ్మాయికి ఫోన్ చేసి రావద్దని చెప్పారు.

ఇలాంటి కెమెరాలకి ఎక్కువగా పని పడేది ఆఫీసు సమావేశాల్లో, క్లాసు పాఠాల్లో, ఆటల పోటీల్లో. సమావేశంలో ఒకరు మాట్లాడుతుంటే మిగిలినవాళ్లు వింటారు. క్లాసులో ఒక్కరే నిలబడతారు. ఆటలో బంతి ఎటు పోతే చూపు అటు పోవాలి. కచేరీ ఈ మూడింటిలో ఏదీ కాదు. అయిదుగురు కదలకుండా ఒకచోట కూర్చుని ఉంటారు. అయిదుగురూ ఒకేసారి శబ్దం చేస్తుంటారు. ఎవరు ఎవరికి జవాబు చెబుతున్నారో వినటం తెలిసినవాళ్లకే తెలుస్తుంది.

కొత్త ఏర్పాటులో మొదటి కచేరీకి గాత్రం ఒక నడివయసు విద్వాంసురాలు. వయొలిన్ నేను. మృదంగం, ఘటం ఇద్దరు యువకులు. తంబుర నా దగ్గర నేర్చుకునే ఇంటరు చదివే పిల్ల. ఇంటికొచ్చి వీడియో మొదటి నుంచి చివరి దాకా చూశాను. కెమెరా గాయని ముఖానికి అతుక్కుపోయింది. అక్కణ్ణించి కదిలితే మృదంగం చేతుల మీదికి వెళ్లింది. సహజమే, వేదిక మీద అన్నింటికంటే వేగంగా కదిలేవి ఆ చేతులే. అందులో ఆ అబ్బాయి తప్పేం లేదు, బాగా వాయించాడు. నేను అప్పుడప్పుడు కనబడ్డాను, వాయించటం మొదలుపెట్టిన కాసేపటికి. తంబుర పట్టుకున్న పిల్ల ఒక్కసారి కూడా కనబడలేదు. గాయని భుజం వెనక తంబుర కొమ్ము, కుంకుడు కాయంత బిరడాలు, అంతే.

మర్నాడు ఆ పిల్ల అమ్మమ్మ ఫోన్ చేసింది. ఊళ్లో ఉంటుంది, మనవరాలు కచేరీలో కూర్చుంటుందని చుట్టుపక్కల వాళ్లందరినీ పిలిచి ఫోన్‌లో ప్రత్యక్ష ప్రసారం పెట్టుకు కూర్చుందట. "టీచరమ్మా, మా బుజ్జి ఆవేళ కచేరీకి రాలేదా?" అని అడిగింది.

వచ్చిందని చెప్పాను. కనబడలేదు కదమ్మా అంది. వినబడింది కదా అందామనుకుని ఆగిపోయాను. ఎందుకంటే వినబడలేదు కూడా.

ఈ రెండో సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. రొదని తీసేసే ప్రోగ్రాములు ఎక్కువగా మాటల్ని కాపాడటానికి శిక్షణ పొందాయి. వాటి దృష్టిలో మారుతూ ఉండే శబ్దం మాట. మారకుండా ఒకే తీరుగా వెనక సాగే శబ్దం ఫ్యాను రొద, ఏసీ రొద, జనరేటర్ రొద. తంబుర నాలుగు తీగల శబ్దం కూడా మారకుండా వెనకే సాగుతుంది. పంచమం, సారణి, అనుసారణి, మంద్రం, మళ్లీ పంచమం. వంతెన మీద తీగ కింద ఒక సన్నటి దారప్పోగు పెడతాం. దాన్ని జీవా అంటారు. అది సరిగ్గా కుదిరితేనే తీగ ఊపిరి పోసుకున్నట్టు పలుకుతుంది. ఆ ఊపిరినే యంత్రం రొద అనుకుంది. రాగం ఏ షడ్జమం మీద నిలబడిందో చెప్పే శబ్దాన్ని శుభ్రంగా తుడిచేసింది. గొంతు మాత్రం అద్దంలా వినబడుతోంది, కింద నేల లేకుండా.

2020లో లాక్‌డౌన్ రోజుల్లో ఇంట్లోంచి వీడియోలో సంగీత పాఠాలు చెప్పిన వాళ్లందరికీ ఇది అనుభవమే. మనం తంబుర పెట్టుకుని పాడుతుంటే అవతలి పిల్లలకి మధ్య మధ్య తంబుర మాయమైపోయేది. వయొలిన్ మీద ఒక స్వరాన్ని నిడివిగా లాగితే అదీ మాయమయ్యేది. అప్పుడు మనం సెట్టింగుల్లోకి వెళ్లి రొద తీసే మీటని ఆపుకున్నాం. మన చేతిలో మీట ఉంది కనక ఆపుకోగలిగాం. సభలో ఆ మీట ఎక్కడుందో ఎవరికీ తెలియదు. తెలిసిన అమ్మాయిని రావద్దన్నారు.

సభ కార్యదర్శి గారితో మాట్లాడాను. పెద్దమనిషి, నాకు అన్నగారి లాంటివారు. ఓపిగ్గా విని, "అమ్మా, మిషనుకి ఆడా మగా తేడా తెలుస్తుందా? ఎవరు కదిలితే వాళ్లని చూపిస్తుంది. దానికి పక్షపాతం ఏముంటుంది చెప్పండి!" అన్నారు.

ఈ మాటకి జవాబు చెప్పటం తేలిక కాదు. ఆయన అన్నది నిజమే, ఆ ప్రోగ్రాంలో మగవాళ్లని చూపించమని ఎవరూ రాయలేదు. ఎక్కువ కదిలేవాళ్లని చూపించు, గట్టిగా వినబడేవాళ్లని చూపించు అని మాత్రమే ఉంది. కానీ వేదిక మీద ఎవరు కదలాలి, ఎవరు కదలకుండా కూర్చోవాలి అనేది ఆ యంత్రం పుట్టకముందే మనం నిర్ణయించి పెట్టాం. చేతులు ఆడించే వాద్యాలు చాలాకాలం మగవాళ్లవి. మడిచిన కాలు కదపకుండా వెనక కూర్చునే తంబుర ఆడపిల్లది. ఈ అమరిక మీద "కదిలేదాన్ని చూడు" అనే నియమం పెడితే, ఆడ మగ అనే మాట ఒక్కటి కూడా వాడకుండానే అది మగవాళ్లని చూసే నియమం అవుతుంది. ఇంటిచాకిరీ విషయంలో మనం ఎన్నాళ్లుగానో చెబుతున్నది ఇదే. జీతం వచ్చే పనినే పనిగా లెక్కించే పద్ధతిలో స్త్రీ అనే మాట ఎక్కడా ఉండదు. లెక్క తేలేసరికి స్త్రీ ఉండదు.

వాద్యాలు మగవాళ్లవి అయిన తీరు కూడా మనకి తెలిసిందే. ఘటం వాయించే సుకన్యా రాంగోపాల్ ఎదుర్కొన్నది చూడండి. ఒక స్త్రీ ఘటం వాయిస్తే పక్కన తాము మృదంగం వాయించమని వెనక్కి తగ్గినవాళ్లు ఉన్నారు. ఆమె 1995లో ‘స్త్రీ తాళ్ తరంగ్’ పేరుతో స్త్రీల వాద్యబృందాన్నే ఏర్పాటు చేసుకున్నారు. మన దగ్గర మృదంగంలో దండమూడి సుమతీ రామమోహనరావు గారు ఒక జీవితకాలం నిలబడ్డారు, 2021లో పద్మశ్రీ వచ్చింది. వీళ్లు వాయించేచోట కెమెరా కదలికనే వెతుక్కున్నా స్త్రీ చేతుల మీదికే వెళుతుంది. అంటే యంత్రం చూపు మారాలంటే వేదిక మారాలి. వేదిక మారటానికి ఒక్కొక్కరికి ఎంతకాలం పట్టిందో మనకి తెలుసు.

సినిమా కెమెరా స్త్రీని ఎలా చూస్తుందో లారా మల్వే 1975లో రాసిన వ్యాసాన్ని మనలో చాలామందిమి చదువుకున్నాం, పాఠంగా చెప్పుకున్నాం. ఆ చర్చలో చూపు వెనక ఒక మనిషి ఉన్నాడు. అతన్ని ప్రశ్నించవచ్చు, చూపు మార్చుకోమని అడగవచ్చు. ఇప్పుడు చూపు ఉంది, మనిషి కనబడటం లేదు. కార్యదర్శి గారు మిషను అంటారు. అమ్మినవాళ్లు ప్రోగ్రాం అలాగే వచ్చిందంటారు. ప్రోగ్రాం రాసినవాళ్లు దానికి శిక్షణ ఇచ్చిన నమూనాలు అలా ఉన్నాయంటారు.

ఆ నమూనాల సంగతి చూద్దాం. 2018లో జాయ్ బులామ్విని, టిమ్నిట్ గెబ్రూ అనే ఇద్దరు పరిశోధకురాళ్లు, ముఖాన్ని చూసి ఆడో మగో చెప్పే మూడు వ్యాపార ప్రోగ్రాములని పరీక్షించారు. తెల్ల చర్మం ఉన్న మగవాళ్ల విషయంలో పొరపాట్లు 0.8 శాతం దాటలేదు. నల్లటి చర్మం ఉన్న స్త్రీల విషయంలో 34.7 శాతం దాకా వెళ్లాయి. శిక్షణకి వాడిన ఫొటోల్లో ఎవరు ఎక్కువగా ఉన్నారనేది ఇందులో పెద్ద కారణం. మా సభ వీడియోలో నా ముఖం నేను గుర్తుపట్టలేనంత తెల్లగా, నున్నగా ఉంది. ముడతలు పోయాయి. ఎవరూ నన్ను అడగలేదు. నలుపు, వయసు రెండూ సరిచెయ్యాల్సిన లోపాలని ఆ పెట్టెకి ఎవరో నేర్పారు.

శబ్దం విషయానికొస్తే, పాటని విడదీసే ప్రోగ్రాములు ఉన్నాయి. కలిసిపోయిన రికార్డింగు లోంచి గొంతుని ఒకవైపు, వాద్యాలని ఒకవైపు వేరు చేస్తాయి. వాటికి శిక్షణ ఇవ్వటానికి, పరీక్షించటానికి ప్రపంచమంతా ఎక్కువగా వాడిన పాటల సంపుటి ఒకటుంది, ఎంయూఎస్‌డీబీ18 అని. అందులో 150 పాటలు ఉన్నాయి, చాలామటుకు పాశ్చాత్య పాప్, రాక్ పాటలు. ప్రతి పాటనీ నాలుగు భాగాలు చేశారు: గొంతు, డ్రమ్స్, బేస్ గిటారు, మిగతావి. మన కచేరీని దాంట్లో వేస్తే ఏమవుతుంది? గొంతుకి ఒక గది ఉంది. మృదంగానికి డ్రమ్స్ గది ఉంది. వయొలినూ తంబురా ‘మిగతావి’ గదిలోకి వెళతాయి. ఆహ్వాన పత్రికలో మనం అచ్చు వెయ్యని పేరుకి యంత్రం భాషలో అనువాదం ఇదే.

శ్రుతిని సరిచేసే ప్రోగ్రాముల సంగతి ఇంకో రకం. అవి సప్తకాన్ని పన్నెండు మెట్లుగా చూస్తాయి. గొంతు మెట్టుకీ మెట్టుకీ మధ్య ఉంటే దగ్గరి మెట్టు మీదికి లాగుతాయి. తోడి రాగంలో గాంధారం ఒక మెట్టు మీద నిలబడదు, రిషభానికీ మధ్యమానికీ మధ్య ఊగుతుంది. ఆ ఊగటమే తోడి. దాన్ని సరిచేస్తే అపశ్రుతి పోతుంది, దాంతోపాటు తోడి కూడా పోతుంది.

ఇదంతా చదివి నేను యంత్రాలకి వ్యతిరేకినని అనుకోవద్దు. స్త్రీలకీ రికార్డింగు యంత్రానికీ మొదటి నుంచీ దగ్గర సంబంధమే ఉంది. 1902లో కలకత్తాలో గ్రామఫోను బాకా ముందు నిలబడి పాడిన గౌహర్ జాన్ పాట చివర తన పేరు తానే ఇంగ్లీషులో గట్టిగా చెప్పుకుంది. రికార్డులు అచ్చయ్యేది జర్మనీలో, అక్కడి పనివాళ్లకి ఎవరు పాడారో తెలియాలి గనక ఆ ఏర్పాటు. కారణం ఏదైనా, తన పేరుని తన గొంతుతో రికార్డులోకి ఎక్కించింది. మర్యాదస్తుల ఇళ్ల ఆడవాళ్లు వెనకాడిన రోజుల్లో యంత్రం ముందుకి వచ్చింది గానాన్ని బతుకుతెరువు చేసుకున్న స్త్రీలే. అదే కాలంలో వేదికలు ఎలా ఉన్నాయో బెంగుళూరు నాగరత్నమ్మ జీవితం చెబుతుంది. 1910లో ముద్దుపళని కావ్యాన్ని అచ్చువేయించినందుకు నిందలు పడింది, నిషేధం చూసింది. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధికి తన సొమ్ముతో గుడి కట్టించింది. అక్కడి ఆరాధనలో స్త్రీలు పాడటానికి వీల్లేదన్నారు. 1927లో స్త్రీల చేత వేరుగా ఆరాధన జరిపించింది. వేదిక మూసుకున్న తలుపుల్ని రికార్డు, రేడియో కొంత తెరిచాయి.

కృత్రిమ మేధ కూడా కొన్ని తలుపులు తెరుస్తోంది. కాకినాడలో నాకు తెలిసిన ఒక యువ గాయని ఉంది. ఇద్దరు చిన్నపిల్లలు. రాత్రిపూట స్టూడియోకి వెళ్లటం కుదరదు, వెళ్లినా అక్కడి వాతావరణం ఆమెకి నచ్చలేదు. ఇప్పుడు పిల్లలు పడుకున్నాక ముందుగదిలో రెండు ఫోన్లు పెట్టుకుని పాడుతుంది. రెండు వీడియోలనీ శబ్దాన్ని బట్టి ప్రోగ్రామే జతచేస్తుంది. వీధిలో కుక్కల అరుపు తీసేస్తుంది. ఏ ముక్క ఉంచాలో ఏది తియ్యాలో ఆమె చూసుకుంటుంది. తంబుర ఉంచింది. ముఖం నున్నగా చేసే మీట ఆపేసింది. అదే పరికరం, మా సభలో ఉన్నలాంటిదే. ఇక్కడ మీట ఆమె చేతిలో ఉంది.

మా ఇంట్లోనే జరిగిన ఇంకొకటి చెబుతాను. మా పెద్దమ్మ గొప్పగా పాడేది. పదిహేనేళ్లకి పెళ్లయింది. వేదిక ఎక్కలేదు. 1984లో వాళ్లబ్బాయి కొత్తగా కొన్న టేప్ రికార్డరులో ఆమె పాడుతుంటే పట్టాడు. ఒక్కటే కేసెట్, వంటింట్లో. ఈమధ్య మా మేనకోడలు దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి శుభ్రం చేసి పంపింది. బుసబుసల టేపు రొద పోయింది. పెద్దమ్మ గొంతు ఎంత లోతైందో మొదటిసారి విన్నాను, ఏడుపొచ్చింది. రెండోసారి వింటే ఏదో తేడాగా ఉంది. పాత కేసెట్‌లో శంకరాభరణం ఆలాపన మధ్య కుక్కర్ విజిల్ వేస్తుంది. ఆమె పాట ఆపకుండానే స్టవ్ మీట తిప్పిన చప్పుడు ఉంటుంది. చరణంలో ఎవరో పసివాడు "అమ్మమ్మా, అన్నం" అంటాడు. ఆమె ఒక అరావర్తనం ఆగి, మళ్లీ సరిగ్గా ఎడుపులో అందుకుంటుంది. కొత్తదాంట్లో విజిల్ లేదు, స్టవ్ లేదు, పసివాడు లేడు. ఆగిన చోటు మాత్రం ఉంది. వినేవాళ్లకి ఆమె అక్కడ తాళం తప్పబోయింది అనిపిస్తుంది.

ఆ చప్పుళ్లు పోతే ఆ పాట ఎక్కడ పాడిందో, ఏ పనిలో ఉండి పాడిందో ఆధారం పోతుంది. ఆమెకి వేదిక ఎందుకు లేదో చెప్పే ఒకే ఒక్క సాక్ష్యం ఆ కుక్కర్ విజిల్. మేనకోడలికి చెప్పాను, పాతదాన్ని ముట్టుకోకుండా అలాగే దాచమని. రెండూ ఉండాలి. గొంతు వినటానికి ఒకటి, జీవితం వినటానికి ఒకటి.

గొంతు గురించి అన్నాను కాబట్టి, గొంతుల్ని తిరిగి తయారు చేసే పద్ధతి గురించి కూడా ఒక మాట. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గొంతుని కృత్రిమ మేధతో వాడుకున్నారని ఆయన కుమారుడు 2024లో ఒక తెలుగు సినిమా నిర్మాతలకి లీగల్ నోటీసు ఇచ్చారు. 2025లో ఆశా భోస్లే తన గొంతుని అనుకరించే ఏఐ ప్రోగ్రాముల మీద బొంబాయి హైకోర్టుకి వెళ్లి రక్షణ ఉత్తర్వు తెచ్చుకున్నారు. మంచిదే. పేరున్న గొంతుకి కోర్టు ఉంది. పేరు అచ్చు కాని తంబుర పిల్ల, జిల్లా సభల్లో పాడే గాయని, పక్కవాద్యం వాయించే నాలాంటివాళ్లు, వీళ్ల కచేరీలన్నీ ఇప్పుడు సభల కంప్యూటర్లలో గుట్టలుగా ఉన్నాయి. రేపు వాటిని ఏ యంత్రానికి పాఠంగా పెడతారో మనకెవరూ చెప్పరు. మన నుంచి సంతకం కూడా ఎవరూ తీసుకోలేదు.

మేము నలుగురం వాద్యకారిణులం కలిసి సభకి ఒక కాగితం రాసిచ్చాం. రొద తీసే ప్రోగ్రాం కచేరీలో వాడకూడదు. ముఖాలు సరిచేసే మీట ఆపాలి. ఒక కెమెరా కదలకుండా వేదిక మొత్తాన్ని చూపిస్తూ ఉండాలి, ఆ రికార్డుని ఏమీ చెయ్యకుండా అలాగే భద్రపరచాలి. కళాకారుల రాతపూర్వక అనుమతి లేకుండా ఏ రికార్డింగూ బయటివాళ్లకి ఇవ్వకూడదు. తంబుర వాయించేవాళ్ల పేరు వెయ్యాలి, దారిఖర్చులు ఇవ్వాలి. కెమెరాలు వాటంతట అవి తిరిగినా, ఏ బొమ్మ బయటికి వెళ్లాలో చూడటానికి ఆ అమ్మాయినే పాత జీతానికి తగ్గకుండా పెట్టుకోవాలి.

మొదటి మూడూ వెంటనే ఒప్పుకున్నారు, ఖర్చు లేదు కాబట్టి. అనుమతి పత్రం లాయరుని అడిగి చూస్తామన్నారు. తంబుర పేరు వేస్తామన్నారు, దారిఖర్చుల గురించి మాట్లాడలేదు. ఆ అమ్మాయి విషయంలో, మిషను కొన్నాక మళ్లీ మనిషికి జీతం అంటే సభ్యులు ఒప్పుకోరన్నారు. ప్రత్యేక కచేరీలకి మాత్రం పిలుస్తామన్నారు. ఆమెకి ఫోన్ చేసి చెప్పాను. "ఏ కచేరీ ప్రత్యేకమో ముందే ఎలా తెలుస్తుంది మేడం?" అంది. నా దగ్గర జవాబు లేదు.

యంత్రానికి మన సంగీతం నేర్పటం సాధ్యమే. బార్సిలోనాలోని పొంపేవ్ ఫాబ్రా విశ్వవిద్యాలయంలో 2011లో మొదలైన కాంప్‌మ్యూజిక్ పరిశోధనలో కర్ణాటక, హిందుస్తానీ సంగీతాలని వాటి పద్ధతుల్లోనే అర్థం చేసుకోవటానికి ప్రయత్నించారు. కచేరీ షడ్జమం ఏదో కంప్యూటర్ తనంతట తను కనిపెట్టటానికి వాళ్లు తంబుర నాదాన్నే ఆధారం చేసుకున్నారు. మా సభ యంత్రం రొద అని పారేసిన శబ్దమే అక్కడ తాళంచెవి అయింది. రెండుచోట్లా ఉన్నది గణితమే. ఏది సంగీతం అని ముందుగా చెప్పిన మనుషులు వేరు.

అలా చెప్పే పనిని లేబుల్ వెయ్యటం అంటారు. ఎక్కడో ఎవరో గంటల తరబడి కూర్చుని, ఈ క్షణం నుంచి ఈ క్షణం దాకా ఇది వయొలిన్, ఇది ఘటం అని రాస్తేనే యంత్రానికి తెలుస్తుంది. మన విశ్వవిద్యాలయాల్లో సంగీత శాఖలు ఉన్నాయి, స్త్రీల అధ్యయన కేంద్రాలు ఉన్నాయి, కంప్యూటర్ విభాగాలు ఉన్నాయి. ఈ ముగ్గురూ ఒక బల్ల దగ్గర కూర్చుంటే చెయ్యాల్సిన పని ఇది. వాళ్లు కూర్చునేదాకా ఆగకుండా మేము మా దగ్గరున్న పాత రికార్డింగులతో మొదలుపెట్టాం. నా విద్యార్థినులు ముగ్గురు, నేను, వీలున్నప్పుడు ఆ కెమెరా అమ్మాయి. ఆదివారాలు కూర్చుంటాం. ఇది కూడా ఎవరూ డబ్బివ్వని పనే, మళ్లీ ఆడవాళ్లే చేస్తున్న పనే, ఆ సంగతి మాకు తెలుసు. వేదిక మీద ఉన్న ప్రతి మనిషికీ ఒక వరస రాస్తున్నాం. తంబురకి విడిగా ఒక గడి పెట్టాం. ఎవరు వాయించారో పాడినవాళ్లని, వాళ్ల ఇంట్లోవాళ్లని అడిగి తెలుసుకుంటున్నాం. తెలియని చోట ‘పేరు తెలియదు’ అని రాస్తున్నాం. ‘మిగతావి’ అని మాత్రం రాయటం లేదు.